అడీనియం: గింజ మొక్కా, అంటు మొక్కా, కొమ్మా? చెన్నై మిద్దె మీద ఏది ఎవరికి నప్పుతుంది

చెన్నైలో అడీనియం, అదే ఎడారి గులాబీ అనే పూల మొక్క, కొనడానికి వెళ్ళినవాళ్ళు నర్సరీలో ముందు అడిగేది రంగు. ఎరుపుందా, ముద్ద పువ్వుందా, అంచుకు నలుపు తిరిగిన ఆ రకం ఎంత? నన్నడిగితే రంగు సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ కుండీని ఎక్కడ పెడతారన్నది. ఎండకు మనకు కొదవ లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలినా అడీనియానికి ఏమీ కాదు. దాన్ని తినేసేది వాన. ఊళ్ళో ఏడాదికి పడే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే ఆ మూడు నెలల్లోనే కురుస్తుంది. వారం రోజులు ముసురు పట్టి కుండీ ఆరకపోతే మొక్క మొదలు దగ్గర ఉండే దుంప లోపల్నుంచి కుళ్ళుతుంది. పైన ఆకులు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటాయి కాబట్టి విషయం మనకు తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది.

ఈ లెక్క ముందు వేసుకుంటే గింజ మొక్క కొనాలా, అంటు మొక్క కొనాలా, ఎవరి దగ్గరైనా కొమ్మ అడిగి తెచ్చుకోవాలా అన్నది చాలావరకు దానంతటదే తేలుతుంది. అసలు అడీనియం వద్దు, ఇంకోటి చూసుకుందాం అని తేలినా తేలొచ్చు. దాని గురించీ కింద చెప్తాను.

ఇంతకీ ఇది ఎవరి చుట్టం? అడీనియం ఒబీసం సహారా దిగువ సాహెల్ ప్రాంతానికీ, తూర్పు ఆఫ్రికాకూ, అరేబియా ద్వీపకల్పానికీ చెందిన మొక్క. యెమెన్‌లోని ఏడెన్ ఊరి పేరే దీనికి వచ్చింది. అయితే కుటుంబం మనకు కొత్తేమీ కాదు: గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, అన్నీ దీని దాయాదులే. అందుకే కొమ్మ తుంచితే కారే రసం విషం. గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు అందులో ఉంటాయి. ఆఫ్రికాలో వేటగాళ్ళు దీన్ని బాణాల మొనలకు పూసేవాళ్ళు. గన్నేరు పప్పు సంగతి తెలుగువాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పాకే వయసు పిల్లలున్నా, కనబడిందల్లా కొరికే కుక్కపిల్ల ఉన్నా కుండీ నేల మీద వద్దు. కత్తిరింపు పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

గింజ మొక్క

అడీనియంలో అందరూ ఇష్టపడే ఆ ఊరిన మొదలు, నర్సరీవాళ్ళు బల్బు అనేది, పూర్తిగా వచ్చేది గింజ నుంచి పుట్టిన మొక్కకే. చిన్నప్పట్నుంచీ నీళ్ళు దాచుకుంటూ కాండం అడుగు భాగం, వేర్లు కలిసి లావెక్కుతాయి. రెండేళ్ళకోసారి కుండీ మార్చేటప్పుడు దుంపను కాస్త పైకి లేపి నాటితే మెలికలు తిరిగిన ఆ వేర్లు బయటపడతాయి. ఐదారేళ్ళు పెంచినవాళ్ళ మిద్దె మీదికి వెళ్ళి చూడండి, పువ్వు లేని రోజుల్లో కూడా వాళ్ళు ఆ మొదలు చూపించే మురిసిపోతుంటారు.

మైనస్ ఏమిటంటే పువ్వు మీద హామీ లేదు. ఎర్ర పువ్వు మొక్క గింజకు ఎర్ర పువ్వే పూయాలని ఏమీ లేదు. మార్కెట్లో ఉన్నవి దాదాపు అన్నీ తరతరాలుగా సంకరం చేసినవి. అందులోనూ అడీనియం చాలావరకు తన పుప్పొడితో తాను కాయదు, పక్క మొక్క పుప్పొడి కావాలి. కాబట్టి గింజలో సగం ఎవరిదో. మూడు పొరల ముద్ద పువ్వు నుంచి గింజ తీసినా మామూలు ఐదు రేకుల గులాబీ రంగు పువ్వు రావడానికే అవకాశం ఎక్కువ. ఆన్‌లైన్‌లో పొట్లం మీద ఫొటో వేసి 'నల్ల అడీనియం', 'నీలి అడీనియం' అని గింజలు అమ్మేవాళ్ళుంటారు. నీలి అడీనియం అనేదే లేదు. నలుపు అనేది ముదురు ఎరుపు, అదీ మొగ్గ దశలో. ఫొటో చూసి గింజ కొనకండి, ఎంత తాజాదో అడిగి కొనండి. అడీనియం గింజకు నిల్వ తక్కువ. నెలలు గడిచేకొద్దీ మొలకెత్తే శక్తి పడిపోతుంది.

ఇంట్లోనే కాయ కాస్తే అంతకన్నా అదృష్టం లేదు. కాయలు జంటగా, చెరో దిక్కుకి మేక కొమ్ముల్లా వస్తాయి. పండడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పచ్చదనం పోయి మట్టి రంగుకు తిరుగుతుండగానే దారంతో కాయను రెండు మూడు చోట్ల వదులుగా కట్టేయాలి. లేకపోతే ఏదో ఒక మధ్యాహ్నం నిలువునా చీలి, గింజలన్నీ సముద్రపు గాలికి పక్కవాళ్ళ మిద్దె మీదికి పోతాయి. ఒక్కో గింజ సన్నటి పుల్ల ముక్కంత ఉంటుంది. రెండు చివర్లా పట్టు లాంటి కుచ్చు. ఆ కుచ్చులు తీసేసి, గింజను నిలువుగా గుచ్చకుండా పడుకోబెట్టి, పైన పలచగా ఇసుక చల్లితే చాలు. తాజా గింజ మన వేడికి వారం లోపే మొలకెత్తుతుంది.

ఎప్పుడు వేయాలి అన్నదే ఇక్కడ కీలకం. చెన్నైలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య. అప్పుడు వేస్తే వానలు దిగేలోపు మొక్కకు ఆరేడు నెలల ఎండ దొరుకుతుంది, మొదలు వేలంత లావు అవుతుంది, ముసురును తట్టుకునే సత్తువ వస్తుంది. ఆగస్టులో ఎవరో గింజలిచ్చారని వేస్తే నవంబరులో నారు మొదలు దగ్గర మెత్తబడి వరసగా ఒరిగిపోతుంది. నారు కుళ్ళు అంటామే, అదే. మొదటి నెల ట్రేలో తడి ఆరనివ్వకూడదు, నేరుగా మిట్టమధ్యాహ్నం ఎండ తగలనివ్వకూడదు. నాలుగైదు ఆకులు వచ్చాక విడివిడి కప్పుల్లోకి మార్చి ఎండకు అలవాటు చేయాలి. బాగా చూసుకుంటే ఏడాదిలో మొదటి పువ్వు. కొన్ని మొండికేసి రెండేళ్ళు తీసుకుంటాయి.

ఒబీసం కాక అరబికం, థాయ్ సోకో అని రెండు పేర్లు వినబడతాయి. అరబికం మొదలు వెడల్పుగా పరుచుకుని ఒకే చోట నుంచి అనేక కాండాలు లేస్తాయి. పువ్వు మాత్రం లేత గులాబీ, పెద్దగా చెప్పుకోదగ్గదేమీ కాదు. థాయ్ సోకో కుదురుగా చిన్న చెట్టు ఆకారంలో కొమ్మలేస్తుంది. రెండూ బోన్సాయ్ ఆకారాల మీద మోజున్నవాళ్ళకు. పువ్వుల కోసమైతే వాటికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

అంటు మొక్క

రంగు ముఖ్యం అనుకుంటే ఇదొక్కటే దారి. గింజతో పెంచిన మామూలు ఒబీసం మొదలు మీద మనకు కావాల్సిన పువ్వు రకం కొమ్మను అంటు కడతారు. థాయ్‌లాండ్, తైవాన్‌లలో పుట్టించిన ముద్ద పువ్వుల రకాలు, చారల రకాలు, పసుపు రకాలు మన దాకా వచ్చింది ఇలాగే. మాధవరం, రెడ్‌హిల్స్ వైపు నర్సరీల్లో 'ఒట్టు చెడి' అని అడిగితే చూపిస్తారు. తెలుగులో అడిగినా పనైపోతుంది, అక్కడికి కడియం నుంచి మొక్కలు లారీల్లో దిగుతుంటాయి కదా. గింజ మొక్కతో పోలిస్తే ధర రెండు మూడు రెట్లు ఉంటుంది, అరుదైన రకమైతే ఇంకా పైన. ఆ ధరకు వచ్చేది కచ్చితమైన పువ్వు, అదీ కొన్న నెలల్లోనే.

కొనేటప్పుడు పువ్వును చూడ్డం మానేసి కాసేపు వంగి అతుకు చూడండి. మంచి అతుకులో కింది కాండం, పై కాండం ఒకే లావున ఉండి, మధ్యలో గీత మాత్రం మిగిలి, ఆ గీత చుట్టూ బెరడు కమ్ముకుని ఉంటుంది. ఒక పక్క నల్లగా ఎండిన చీలిక కనిపిస్తే అక్కడ నీళ్ళు దిగుతాయి, వానాకాలం కుళ్ళు అక్కడే మొదలవుతుంది. కట్టిన ప్లాస్టిక్ టేపు ఇంకా ఉండి కాండంలోకి కోసుకుపోతుంటే వద్దు. అంటు పైన కనీసం ఒక విడత కొత్త ఆకులు వచ్చి ఉండాలి. పాత ఆకులు, ఒక్క పువ్వు మాత్రమే ఉంటే అది నిన్నగాక మొన్న కట్టినదై ఉండొచ్చు, అతికిందో లేదో ఇంకా అమ్మేవాడికే తెలీదు. తర్వాత బొటనవేలితో దుంపను నాలుగు వైపులా నొక్కండి. గట్టిగా ఉండాలి. దాహంతో ఉన్న దుంప అన్ని వైపులా సమానంగా కాస్త మెత్తగా ఉంటుంది, నీళ్ళు పోస్తే బిగుస్తుంది. ఒకే చోట వేలు దిగబడిందంటే అది కుళ్ళు. ఎంత తగ్గించి ఇస్తానన్నా అక్కడే వదిలేయండి.

ఇంటికి తెచ్చాక ఒక కాపలా పని జీవితాంతం ఉంటుంది. అతుకు కింద నుంచి వచ్చే ప్రతి చిగురూ గిల్లేయాలి. అది కింది మొక్కది, మీరు డబ్బిచ్చిన రకం కాదు. వదిలేస్తే బలమంతా అదే లాక్కుని రెండేళ్ళలో పై రకాన్ని ఎండగట్టేస్తుంది. 'కొన్నప్పుడు పసుపు పూసింది, ఇప్పుడు గులాబీ పూస్తోంది, మట్టి మహిమ' అనే మాట మిద్దె తోటల వాళ్ళలో తరచు వినబడుతుంది. మట్టికి ఆ మహిమ లేదు, గిల్లకపోవడమే కారణం. కత్తిరింపులోనూ ఇదే జాగ్రత్త. అతుకు పైన ఐదారు సెంటీమీటర్లు వదిలి కోయాలి. అతుకు కిందికి కోశారంటే ఆ పువ్వు ఇక శాశ్వతంగా పోయినట్టే.

అంటు మొక్కకు అందం తక్కువన్నది నా అభిప్రాయం. మొదలు లావుగా, దాని మీద సన్నటి బారు కొమ్మలు రెండో మూడో నిక్కి నిలబడి, చివర్లో పువ్వుల గుత్తి. ఏటా ఫిబ్రవరిలో కనికరం లేకుండా కత్తిరిస్తే తప్ప గుబురు కట్టదు. అయినా ఒకే ఒక్క కుండీ పెట్టుకునే చోటు ఉండి, ఇంటికొచ్చినవాళ్ళు 'ఇదేం పువ్వండీ' అనాలనుకుంటే అంటు మొక్కే కొనాలి.

ఇంట్లో అంటు కట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. మార్చి, ఏప్రిల్ పొడి రోజులు ఎంచుకోండి. వేలంత లావున్న గింజ మొక్కను అడ్డంగా కోసి, మధ్యలో రెండు సెంటీమీటర్ల లోతు చీలిక పెట్టాలి. అదే లావున్న కొమ్మ ముక్కకు ఆకులు తీసేసి, అడుగును రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దింపాలి. రెండింటి బెరడు కనీసం ఒక పక్కనైనా కలిసి తీరాలి. బ్లేడు కొత్తది, స్పిరిట్‌తో తుడిచింది కావాలి. పాలిథీన్ చుట్టు బిగించి, పైన చిన్న కవరు తొడిగి నీడలో పెడితే రెండు మూడు వారాల్లో కొమ్మ చివర చిగురు కదులుతుంది. కవరు లోపల ఎండ తగిలిందంటే మాత్రం ముక్క ఉడికిపోతుంది.

కొమ్మ నాటడం

ఖర్చు లేదు, తల్లి మొక్క పువ్వే వస్తుంది, ముదురు కొమ్మ కాబట్టి పువ్వు తొందరగా వస్తుంది. ఇన్ని సుగుణాలుండి కూడా నేను దీన్ని చివర్న పెడతాను. కొమ్మతో వచ్చిన మొక్కకు ఆ ఊరిన మొదలు రాదు. ఏళ్ళు గడిచాక వేర్లు కొంత లావెక్కుతాయి గానీ గింజ మొక్క ఆకారం దానికి పట్టదు. అడీనియంలో సగం అందం అక్కడే ఉన్నప్పుడు అది వదులుకోవడం ఎందుకు? పైగా అడీనియం కొమ్మ కుళ్ళే రేటు ఎక్కువ.

అయినా సరే నాటతామంటే, పెన్సిల్ కన్నా లావున్న ముదురు కొమ్మను ఒక జానెడు కోసి, ఆకులు దూసి, నీడలో ఐదారు రోజులు వదిలేయండి. కోసిన చోట పొర కట్టి గట్టిపడాలి. తడి కోతను మట్టిలో పెట్టడమే చాలామంది కొమ్మలు పోవడానికి కారణం. ఆ తర్వాత ఉత్త ముతక ఇసుకలో నిలబెట్టి, తడి తగిలీ తగలనట్టు ఉంచితే నెల, నెలన్నరలో వేళ్ళు పోస్తాయి. మంచి రకం కొమ్మ ఒకటే దొరికితే దాన్ని ఇసుకలో పెట్టి అదృష్టం పరీక్షించుకునే కన్నా ఒక గింజ మొక్క కొని దాని మీద అంటు కట్టుకోవడం మేలు.

ఎండ తక్కువైనా, వాన తప్పించే చోటు లేకపోయినా: యుఫోర్బియా మిలీ

అద్దె ఇల్లు. ఓనరు మిద్దె తాళం ఇవ్వరు. ఉన్నది కోడంబాక్కంలో తూర్పు బాల్కనీ, పొద్దున పూట ఓ నాలుగు గంటల సేపు ఎండ. ఇలాంటి ఇంటికి అడీనియం తెస్తే అది వెలుతురు వెతుక్కుంటూ పొడుగ్గా సాగి, పువ్వు మాట మర్చిపోతుంది. దానికి రోజుకు ఆరు గంటల నేరు ఎండ కావాలి. ఇక్కడ నా ఓటు యుఫోర్బియా మిలీకి. ముళ్ళ కిరీటం అంటారే, అది. మడగాస్కర్ మొక్క. 1821లో దీన్ని ఫ్రాన్సుకు చేర్చిన రీయూనియన్ దీవి గవర్నరు మిలియస్ పేరు మీద మిలీ అయింది. మన జెముడు మొక్కల కుటుంబమే.

దీనికి నాలుగు గంటల ఎండ చాలు, ఏడాది పొడవునా పూస్తుంది, వానను అడీనియం కన్నా కొంత ఓర్చుకుంటుంది. మనం పువ్వు అనుకునే ఆ రంగు రేకులు నిజానికి పుష్పపుచ్ఛాలు, అంటే పువ్వును అంటుకుని ఉండే ఆకుల లాంటివి. అసలు పువ్వులు వాటి మధ్యలో ఆవగింజంత ఉంటాయి. రేకులు కానందువల్లే వారాల తరబడి వాడవు. థాయ్ సంకర రకాలకు గుత్తులు పెద్దవి, ఆకులు పెద్దవి, దాహమూ ఎక్కువే. పాత చిన్న పువ్వుల రకం మాత్రం ఎలా పెంచినా బతికే రకం.

పెంపకం దగ్గర లెక్క తిరగబడుతుంది: అడీనియంలో చివర్న పెట్టిన కొమ్మే ఇక్కడ మొదటి దారి. వేలెడు పొడుగు కొమ్మ కోసి, కారే తెల్లటి పాలు ఆగేదాకా నీళ్ళలో ముంచి, మూడు నాలుగు రోజులు ఆరబెట్టి ఇసుకలో గుచ్చితే దాదాపు ప్రతిదీ నాటుకుంటుంది. గింజ కోసం చూడటం దండగ, అంటు అవసరం అసలే లేదు. ఆ పాలతో మాత్రం జాగ్రత్త. చర్మం మండుతుంది, కంట్లో పడితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. గ్లవ్స్, కళ్ళజోడు పెట్టుకునే కోయండి.

అత్తగారో పక్కింటి పిన్నిగారో 'ఇంట్లో ముళ్ళ చెట్టేంటమ్మా' అనడం ఖాయం. వాస్తు చూసేవాళ్ళు పాలుగారే చెట్లు కూడా గుమ్మం ముందు వద్దంటారు. ఆ లెక్కన గన్నేరు కుటుంబంలో చాలావాటికి చోటుండదు. ఆ వాదనలోకి నేను దిగను. పూజకు నాలుగు పువ్వులు కోసుకోవడానికే మొక్క కావాలంటే మాత్రం ఈ రెండూ వదిలేసి నందివర్ధనమో దేవగన్నేరో పెట్టుకోండి. అడీనియానికి వాసన లేదు, మిలీ కోయబోతే ముల్లు గుచ్చుకుంటుంది.

బెంగళూరులో చెల్లెలో కొడుకో ఉండి, వాళ్ళకూ ఒక మొక్క ఇద్దామనుకుంటే ఈ లెక్కలు అక్కడ నడవవు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఊరది. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి అడీనియం ఆకులన్నీ రాల్చి నిద్రపోతుంది. ఆ రెండు నెలలూ నీళ్ళు దాదాపు బంద్ చేయాలి. మొక్క చచ్చిందని పారేసేవాళ్ళే ఎక్కువ. దుంప గట్టిగా ఉంటే చావలేదు, మార్చిలో చిగురిస్తుంది. వాళ్ళకు వానలు కూడా మే నుంచే మొదలై అక్టోబరు దాకా సాగుతాయి కాబట్టి గింజలు ఫిబ్రవరి చివర్లోనే వేసేయాలి. నిజం చెప్పాలంటే బెంగళూరు బాల్కనీకి కలంచో సరైన మొక్క. రాత్రులు పొడుగయ్యే కాలంలో మొగ్గ వేసి చలికాలమంతా పూస్తుంది. మన చెన్నైలో అదే మొక్క మే నెల వేడికి ఉసూరుమంటుంది. లాల్‌బాగ్ పూల ప్రదర్శనలో చూసి ముచ్చటపడి రైల్లో తెచ్చుకునేవాళ్ళకు ఈ ముక్క చెప్పాలి.

కుండీ, మట్టి, నీళ్ళు

ఏది ఎంచుకున్నా మట్టి ఒకటే: సగం ముతక సరుకు, అంటే జల్లించిన ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, దొరికితే పెర్లైట్. మిగతా సగంలో బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం కొబ్బరి పొట్టు. తోట మట్టి వేయకపోతేనే మంచిది. నది ఇసుక దొరక్క ఎం శాండ్ (రాళ్ళు పొడి చేసి తయారుచేసే ఇసుక) వాడితే కడిగి, పిండి లాంటి ధూళి పోయాకే వాడండి, లేకపోతే అది అడుగున చేరి సిమెంటు కట్టినట్టు నీళ్ళు ఆపేస్తుంది. కుండీ వెడల్పుగా, లోతు తక్కువగా, కుదిరితే మట్టిదే. వేసవిలో రోజూ నీళ్ళు పోయాల్సి వస్తుంది గానీ వానాకాలంలో అదే ప్రాణం కాపాడుతుంది. అడుగున సాసర్ వద్దు.

నర్సరీలో ఆకుపచ్చ వల కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే మిద్దె ఎండలో పెడితే ఆకులు మాడతాయి. పది పదిహేను రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. నల్ల ప్లాస్టిక్ కుండీలను మే నెలలో నేరుగా శ్లాబు మీద పెట్టకుండా ఇటుకల మీద పెట్టండి.

పురుగుల్లో పిండినల్లి మామూలే, వేపనూనె, సబ్బు నీళ్ళతో పోతుంది. విచిత్రమైన అతిథి ఇంకొకరు: ఉదయం కుండీ చుట్టూ మిరియాలంత నల్లటి ఉండలు రాలి, కొమ్మ చివర ఆకులు మాయమై ఉంటే, పైన ఎక్కడో వేలంత లావు ఆకుపచ్చ గొంగళి ఉన్నట్టు. తల వెనుక రెండు నీలి కళ్ళ మచ్చలు ఉంటాయి. గన్నేరు మీద పెరిగే చిమట పురుగది, అడీనియాన్నీ వదలదు. మందు కొట్టే పని లేదు. చీపురు పుల్లతో తీసి దూరంగా గన్నేరు పొద ఉంటే దాని మీద వేయండి.

అక్టోబరు నుంచి

నీడ రేకు కిందికో, కిటికీ సన్‌షేడ్ కిందికో మార్చగలిగినవి మార్చండి. కదపలేనంత బరువు కుండీలకు పైన పాలిథీన్ కప్పండి, పక్కలు గాలికి వదిలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు సులువైన ఉపాయం ఒకటుంది: కుండీలను గోడ పక్కన అడ్డంగా పడుకోబెట్టేయండి. మట్టిలో నీళ్ళు దిగవు, గాలికి పడి కొమ్మలూ విరగవు. రెండు మూడు రోజులు అలా ఉన్నా మొక్కకు ఏమీ కాదు. డిసెంబరుకు ఆకులు పసుపెక్కి రాలడం మామూలు. నీళ్ళు ఎక్కువ పోసి వాటిని నిలబెట్టాలని చూడకండి. ఎరువులు కూడా ఫిబ్రవరి దాకా ఆపేయండి.

ముసురు తగ్గిన రోజు ప్రతి దుంపనూ వేలితో నొక్కి చూడాలి. ఒకచోట మెత్తగా తగిలితే పదునైన కత్తితో ఆ భాగాన్ని తెల్లటి గట్టి కండ కనిపించేదాకా చెక్కేసి, సాఫ్ అనే బూజు మందు పొడి అద్ది, మట్టి లేకుండా ఫ్యాన్ కింద వారం ఆరబెట్టి మళ్ళీ నాటండి. సగం దుంప పోయినా బతుకుతుంది. చెక్కుతూ పోతే గోధుమ రంగు ఆగకుండా కాండంలోకి ఎక్కిందంటే దుంప మీద ఆశ వదిలేయండి. పై కొమ్మలు ఇంకా గట్టిగా ఉంటే వాటిని ఆ రోజే కోసి, ఇంట్లో పొడిగా ఉన్న గింజ మొక్క ఏదుంటే దాని మీద అంటు కట్టేయండి. గింజ మొక్క లేకపోతే ఇసుకే గతి. అంటు మొక్క కొన్న రోజే రెండు చవక గింజ మొక్కలు కూడా తెచ్చి పక్కన పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.